మైనపుబొమ్మపై మట్టిపూఁతలు

పంచలోహ విగ్రహమును జూచినవారు శిల్పిచేతి పనితనమును గొనియాడుదురు. ఆ విగ్రహమునకు ముందు మట్టిమూసను గట్టినవాని శ్రమ యెవ్వరి తలంపునకును రాదు. ఏలయన లోహము పోసిన పిమ్మట మూసను బగులఁగొట్టవలసినదే. సాక్ష్యము మిగులని పని యగుటచేత మన త్వష్టృసంతతివారి చరిత్రలో నీ భాగము మిక్కిలి సన్నగిల్లినది. కులబంధువులకును, పోషకులకును దానినిగూర్చి నాలుగు మాటలు విన్నవింపఁ దలఁచితిమి.

మూసను ఒక్క ముద్దగాఁ గట్టిన నిలువదు. పొరలు పొరలుగాఁ గట్టవలెను. పొరకుఁ బొరకు నతుకు కుదురవలెను. ఈ పనిని గ్రంథస్థము చేసినవారిలో కల్యాణి చాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు ముఖ్యుఁడు. ఆతఁడు 1126 మొదలు 1138 వఱకు రాజ్యమేలెను. అప్పటి కాకతీయులు కల్యాణికి సామంతులు. కావున నీ గ్రంథము మనకుఁ బరాయిది కాదు. ఆతని మానసోల్లాసములోని క్రమమిది: మైనముతో బొమ్మను, నాళములను జేసి, మాడ్చిన ఊకయు, సన్నముగాఁ దఱిగిన దూదియు, కొంచెము ఉప్పును గలిపి ఱాతిపై మెత్తగా నూఱిన మట్టిని మూఁడు మాఱులు పూయవలెను. మొదటిపూఁత మిక్కిలి పలుచన. అది నీడయందు ఆఱవలెను. రెండు దినములైన పిదప రెండవది. అదియు నాఱిన పిదప మూఁడవది దట్టముగాఁ బూయవలెను.

సంస్కృతము చదివిన మావంటివారము ఈ శ్లోకముల నొక గడియలో నన్వయించి ముందునకుఁ బోవుదుము. కంచరికి మాత్రము ఇందలి ప్రతిపదము కష్టార్జితము. మైనమునకు జిడ్డు గలదు. తడిమట్టి దానిపై నంటక జాఱును. కావున మొదటి మట్టిని పలుచగాఁ బులిమి, ప్రతి గీఁతలోనికిని జొచ్చునట్లు చేయుదురు. విగ్రహపు గోరును, కనుబొమ్మయు లోహములో దిగుట యీ పూఁతవలననే. ఎండలో నార్చిరేని మైనము మెత్తబడును, మట్టి త్వరగా ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును.

అసలు చిక్కు రెండవపూఁతతో వచ్చును. ఆఱిన మట్టి దప్పిగొన్నట్టిది. పైఁబెట్టిన తడిమట్టిలోని నీటిని వెంటనే పీల్చివేయును. క్రొత్తపొర యంటుకొనకమునుపే బిగిసి, ఆఱునపుడు కుదించుకొని, పెంకువలె లేచిపోవును. నడుమ బోలు నిలిచినచో, కరఁగిన లోహపు బరువునకు లోపొర విఱిగి, లోహమా సందులోనికి దూఱును. నెలల పని నిముసమునఁ జెడును. అందులకై పాతపొరను గఱుకుగా నుంచి, కొంచెము తడిపి, అదే మట్టి కలిపిన బురదనీటిని రాచి, పైపొరను వ్రేళ్లతో నొత్తవలెను. దూదిపోగులు మట్టిని బీటలువాఱనీయక పట్టియుంచును. మాడిన ఊక మట్టి కుదించుకొనుటను దగ్గించి, లోపలి వాయువు వెడలుటకు దారినిచ్చును. ఇంట ప్లాస్టరు ఆఫ్ పారిసుతో అచ్చులు చేయువారికిని ఇదే యనుభవము: బిగిసిన పొరను దడిపి గీఁతలు పెట్టనిదే పైపొర సరిగాఁ బట్టదు.

తమిళదేశమున స్వామిమల స్థపతులు నేఁటికిని మొదటిపూఁతకుఁ గావేరి యొండ్రుమట్టిని, పైపూఁతలకు ఇసుక కలిపిన పొలపుమట్టిని వాడుదురు. పెద్దమూసలను ఇనుపతీఁగెతో బిగింతురు. లోపల మెత్తన, వెలుపల ముతుక యను క్రమమే అంతటను గానవచ్చును. మన ఆదిలాబాదు సీమలో ఓజు కుటుంబములవారు మట్టిదిమ్మపై మైనపుతీఁగెలు చుట్టి, మరల మట్టిపూసి, ఇత్తడి పోయుదురు. ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళిక సూచిక లభించినది. సంతోషమే, కాని యట్టి గుర్తింపులన్నియు బొమ్మకుఁ జెందునుగాని మూసకుఁ జెందవు.

మా కోరిక యొకటి గలదు. సభలయందు విగ్రహములకు బహుమతు లిచ్చు పోషకులు మూసగట్టు వృద్ధులను గూడఁ బిలిపించి, ఏ యేటి మట్టి, ఎంత ఊక, వానకాలమున నెన్నిదినముల నీడ యను లెక్కలను వారి నోటనే చెప్పించి వ్రాయింపవలెను. పగిలిన మూసపెంకులలోఁ బొరలు తేటగాఁ గానవచ్చు ముక్కల నొకటిరెండు పాఱవేయక విగ్రహముల ప్రక్కనే ప్రదర్శనమున నుంచవలెను.