పి.ఎం. సయీద్ పది విజయాలు: లక్షద్వీప్ రాజకీయాల్లో తరవాడు వాదం చెల్లుతుందా?

ఆంద్రోత్ ద్వీపంలో పుట్టి, 1967లో ఇరవయ్యారేళ్లకే స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు వచ్చి, 1999 దాకా వరుసగా 10 ఎన్నికలు గెలిచిన పి.ఎం. సయీద్‌ను ‘పెద్ద కుటుంబం, వంశ పలుకుబడి’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. ఈ వ్యాసం ఆ అసంతృప్తిలోంచి పుట్టింది.

కల్పేని ద్వీప సమాజం మీద లీలా దూబే 1969లో వెలువరించిన ‘మాట్రిలినీ అండ్ ఇస్లాం’ ఇప్పటికీ ప్రామాణిక గ్రంథమే. పేచీ ఆమెతో కాదు, కోయ, మాల్మి, మేలాచ్చేరి వర్గాల గీతల వెంటే ఓట్లు కూడా పడతాయనే తరవాడు (మాతృవంశ ఉమ్మడి కుటుంబం) వాదంతో. వివాహాలు చాలావరకు ద్వీపం లోపలే జరిగే చోట ఆంద్రోత్ తరవాడు పెద్దరికం కిల్తాన్‌లోనో చెట్లాత్‌లోనో ఎలా చెల్లుతుంది? మినికాయ్‌లోనైతే భాషే వేరు. అక్కడ మాట్లాడేది మహల్. ఒక ద్వీపపు బంధుత్వం పది ద్వీపాల ఓట్లు తెచ్చిందనడం నిలవదు.

అసలు కారణం పాలన పద్ధతిలో ఉంది. లక్షద్వీప్‌కు శాసనసభ లేదు. అడ్మినిస్ట్రేటర్‌ను ఢిల్లీ పంపుతుంది. పంచాయతీలకు చట్టరూపం 1994లో గానీ రాలేదు. అంతవరకు జనం ఓటేసి ఢిల్లీకి పంపినవాడు ఎంపీ ఒక్కడే. ఆ రోజుల్లో ఓడ పగడపు దిబ్బ బయటే లంగరు వేసేది. ప్రయాణికులు, బియ్యం బస్తాలు, కొచ్చి ఆసుపత్రికి వెళ్లాల్సిన రోగులు, అందరూ చిన్న పడవల్లో లగూన్ దాటాల్సిందే. నైరుతి రుతుపవనాలొస్తే ఆ దారీ మూసుకుపోయేది. ఓడ, వైద్యం, బియ్యం, అన్నీ ఢిల్లీ ఫైళ్లలోనే తేలాలి. ఆ ఫైలు కదిలించగలిగినవాడికే ఓటు. పి.వి. నరసింహారావు మంత్రివర్గంలో సయీద్ హోం శాఖ సహాయమంత్రి అయ్యారు. కేంద్రపాలిత ప్రాంతాలను చూసేది ఆ శాఖే! 1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినా ఆ పార్టీ తరఫున ఆయన గెలవడాన్ని తరవాడు వాదులు ఎలా వివరిస్తారో చూడాలి.

1998 నుంచి ప్రతిపక్ష సభ్యుడిగానే డిప్యూటీ స్పీకర్‌గా ఉన్నారు. 2002 మార్చిలో స్పీకర్‌గా ఉన్న మన బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాక సభ బాధ్యత ఆయన భుజాల మీదే పడింది. ఉగ్రవాద నిరోధక (పోటా) బిల్లుపై ఉభయసభల సంయుక్త సమావేశానికి అధ్యక్షత వహించిందీ ఆయనే. దేశంలోకెల్లా తక్కువ ఓటర్లున్న నియోజకవర్గం మనిషికి ఆ స్థానం దక్కడాన్ని మన రాజకీయ చరిత్రకారులు సరిగా పట్టించుకోలేదు.

2004లో ఆయన 71 ఓట్లతో ఓడిపోయారు. పంచాయతీలు వచ్చి ఎంపీ ఏకైక వారధిగా మిగలకపోవడం అందుకు ఒక కారణం కావచ్చు. 2009లో ఆయన కుమారుడు హమ్దుల్లా గెలిచిన మాట నిజమే కానీ, 2014లో ఓడిపోయారు కూడా. అండమాన్‌లోనూ శాసనసభ లేదు. అక్కడ మనోరంజన్ భక్త 1977 నుంచి 1998 దాకా వరుసగా గెలుస్తూ వచ్చారు. శాసనసభ లేని ద్వీపప్రాంతం ఎంపీని దీర్ఘకాలం నిలబెట్టగలదని ఈ రెండు ఉదాహరణలను బట్టి అనిపిస్తుంది.

సయీద్ జీవితం రాయబోయేవారు వంశవృక్షాలు పక్కనపెట్టి, ముందు 1967-2004 మధ్య లోక్‌సభ చర్చల సంపుటాలు, హోం శాఖ దస్త్రాలు తెరవాలి.