పిలుపు అందని వాళ్ల సభ

పెదపారుపూడైనా మరో ఊరైనా, సోషల్ వర్క్ చదివే పిల్లలు ఫీల్డ్ వర్కుకని దిగితే ముందు పంచాయతీ ఆఫీసుకో రచ్చబండ దగ్గరికో వెళతారు. అక్కడ దొరికేది సగం ఊరే. తతిమ్మా సగం గడప దాటి రాదు. దాన్ని వెతుక్కుంటూ వెళ్లే బుద్ధి సిలబస్‌తో వస్తుందని నేను నమ్మను. పన్నెండేళ్లు నిండని ఒక పిల్లకు అది ఏ చదువూ లేకుండానే వచ్చింది.

1921 ఏప్రిల్ 2. బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగించుకుని గాంధీజీ కాకినాడ వస్తున్నారు. టౌన్ హాల్లో సభ. దేవదాసీలను అక్కడికి రానిచ్చేదెవరు? బురఖా చాటు ముస్లిం స్త్రీలు వచ్చేదెలా? ఆ పిల్ల దుర్గాబాయి దిగులు అది. వాళ్లకు విడిగా గాంధీజీ సమయం కాసేపు ఇప్పించమని నిర్వాహకులను అడిగింది. 5,000 రూపాయల నిధి ఇస్తే చూద్దామన్నారు. పిల్లను వదిలించుకోవడానికే అన్నారేమోనని నా అనుమానం.

ఆ డబ్బు దేవదాసీలే పోగుచేశారు. ఆమె చేసిందల్లా వాళ్లకు సంగతి చెప్పి, వాళ్లను నమ్మడం. ఇక జాగా కావాలి. స్టేషన్‌కూ టౌన్ హాలుకూ మధ్యనున్న ఒక బడి ఆవరణ అడిగి సంపాదించింది.

దారిలో ఐదు నిమిషాలని ఆగిన గాంధీజీ అరగంట దాటినా కదల్లేదు. ఆయన హిందీలో చెబుతుంటే దుర్గాబాయి తెలుగు చేస్తోంది. ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ఆయన ముందు పోశారు. పోగైంది దాదాపు 25,000 రూపాయల విలువని చెబుతారు.

టౌన్ హాల్లో అనువాదానికి కొండా వెంకటప్పయ్య లేచారు. మన బందరులో 1902లో ‘కృష్ణాపత్రిక’ పెట్టిన పెద్దాయన! గాంధీజీ ఆయన్ను ఆపి, దుర్గ చేస్తుందన్నారు.

1937లో ఆంధ్ర మహిళా సభ, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్ష పదవి... అవన్నీ తర్వాతి మాట. నాకు ఎక్కువ ఇష్టమైంది 1923 నాటి కాకినాడ కాంగ్రెస్ ముచ్చట. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర ఆమె వలంటీరు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టిక్కెట్టు లేదు. ఆపేసింది. ఆయనెవరో తెలియదా అని నిర్వాహకులు కంగారుపడ్డారు. తెలుసు, టిక్కెట్టు లేనివాళ్లను పంపొద్దన్నది మీరే కదా అంది. నిర్వాహకులే పరుగున వెళ్లి టిక్కెట్టు కొని తెచ్చారు. అప్పుడు పక్కకు తప్పుకుంది.