సీటు కింద సెగగడ్డ

డిసెంబరు. కైసర్స్‌లౌటర్న్‌లో నాలుగున్నరకే చీకటి పడింది. ఊరి చుట్టూ ఫెల్ట్సర్‌వాల్డ్ అడవి దారులు తడిసి ముద్దగా ఉన్నాయి. అందుకే నీ సైకిలు అద్దె గదిలో ట్రైనర్‌కి బిగించి ఉంది. కిటికీ మూసేశావు. హీటర్ కాలుతోంది. నలభై నిమిషాలుగా సీటు మీంచి లేవకుండా తొక్కుతున్నావు. ముక్కు చివరి నుంచి చెమట హ్యాండిల్ మీద టపటపా రాలుతోంది.

ఎడమ పిర్ర కింద చురుక్కుమంది.

కాస్త పక్కకు జరిగావు. తగ్గింది. రెండు నిమిషాలకు మళ్లీ అక్కడే. స్క్రీన్ మీద ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. పూర్తి చేస్తావా, దిగుతావా?

దిగు.

రోడ్డు మీద గంటల తరబడి తొక్కినా రానిది గదిలో ఎందుకొచ్చింది? బయట నీకు తెలియకుండానే సీటు మీంచి లేస్తుంటావు. గుంత వస్తే లేస్తావు, ఎర్ర లైటు పడితే దిగుతావు, పల్లంలో కాళ్లు ఆపేస్తావు. సైకిలు కూడా నీతోపాటు ఊగుతుంది. ఇక్కడ అది కదలదు. బరువంతా కూర్చునే రెండు ఎముకల కింద, అదే చోట. గాలి ఆడదు, చెమట ఆరదు. నాని మెత్తబడ్డ చర్మం బట్టకి ఒరుసుకుంటూనే ఉంటుంది. వెంట్రుక కుదురు దగ్గర కాస్త సందు దొరికితే చాలు, క్రిములు దూరిపోతాయి.

తడి షార్ట్స్‌తోనే కుర్చీలో కూలబడి ఫోన్ అందుకోబోతున్నావు. వద్దు. ముందు అవి విప్పి స్నానం చెయ్. తువ్వాలుతో అద్దు, రుద్దకు. చేతి అద్దం పట్టి చూడు. శనగగింజంత ఎర్రటి పొక్కు. ముట్టుకుంటే గట్టిగా తగులుతోంది.

చిదిమేస్తే పోతుందనిపిస్తోంది కదూ? చెయ్యి తియ్. చిదిమితే చీము లోపలికీ పాకుతుంది, గడ్డ ఇంకా పెద్దదవుతుంది. శుభ్రమైన గుడ్డని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి, పిండి, కాపడం పెట్టు. ఓ పదిహేను నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. పక్కన ఒరుసుకుపోయిన చర్మానికి జింక్ క్రీమ్ పలచగా రాయి. రేపు సైకిలెక్కకు. ఎల్లుండి కూడా.

"ఛాంపియన్లు ఇవన్నీ పట్టించుకుంటార్రా?" అని స్నేహితుడి మెసేజ్. వాళ్లకీ తప్పలేదు. 1987 స్పెయిన్ వుయెల్టాలో అందరికంటే ముందున్న షాన్ కెల్లీ, ముగింపుకి ఇంకా కొద్ది రోజులే ఉండగా ఇలాంటి గడ్డతోనే రేసు వదిలేశాడు. 1989 టూర్ ద ఫ్రాన్స్‌లో లోరాఁ ఫిన్యోఁ ఈ నొప్పితోనే చివరి రోజు తొక్కాడు. 8 సెకన్ల తేడాతో టూర్ పోగొట్టుకున్నాడు.

మూడో రాత్రి. గడ్డ సలుపుతోంది. ఎటు తిరిగి పడుకున్నా నొప్పే. తెల్లారేసరికి ఉసిరికాయంత అయింది. ఒళ్లు కాలుతోంది. వణుకు. ఎరుపు తొడ మీదికి పాకింది.

ఆదివారం. దుకాణాలన్నీ మూత.

ఫోన్ మోగింది. అమ్మ.

"గొంతు అలా ఉందేంటి?"

"ఏం లేదమ్మా, జలుబు" అనబోతున్నావు. చెప్పెయ్. సిగ్గుపడి దాచుకుంటే రెండు రోజుల్లో తగ్గేది ఆపరేషన్ దాకా పోతుంది.

ఇప్పుడు 116117కి ఫోన్ చెయ్. సెలవు రోజుల్లో జర్మనీలో డాక్టరు కోసం చేసే నంబరది. గడ్డ ఎక్కడ లేచిందో చెప్పు. జ్వరం చెప్పు. ఎరుపు పాకుతోందని చెప్పు. షుగరుంటే అదీ చెప్పు. చర్మం నల్లబడుతోందా? నొప్పి తట్టుకోలేనంతగా పెరుగుతోందా? మగతగా ఉందా? ఆగకు. అత్యవసర నంబరు 112కి చెయ్.

చాలామందికి అంతదాకా రాదు. డాక్టరు మత్తు సూది వేసి, చిన్న గాటు పెట్టి చీము తీసేస్తారు. అవసరమైతే యాంటీబయాటిక్ రాస్తారు. పుండు పూర్తిగా మానేదాకా సైకిలు జోలికి పోకు. తిమ్మిరెక్కించే క్రీము రాసుకుని తొక్కుదామని అస్సలు అనుకోకు. నొప్పి తెలియకపోతే గాయం ఎంత ముదిరిందో నీకెలా తెలుస్తుంది?

మానిందా? సరే, సీటు ఎక్కి మడమ పెడల్ మీద పెట్టు. పెడల్ బాగా కిందికి దిగినప్పుడు కాలు నిటారుగా రావాలి, నడుము ఒరగకూడదు. ఒరుగుతోందంటే సీటు ఎత్తు ఎక్కువైంది, దించు. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల డ్రాయరు వేసుకోకు, దాని కుట్లే చర్మాన్ని కోస్తాయి. ఒరిపిడి తగిలే చోట దాన్ని తగ్గించే క్రీము రాయి. ఫ్యాన్ నీ వైపు తిప్పు. పది నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి నిలబడు. షార్ట్స్ రెండు జతలు కొనుక్కో, ఉతకనిది మళ్లీ వేసుకునే అవసరం రాదు.