గ్రహాంతర నివాసాల నిర్మాణంలో మొక్కల పదార్థాలు

చంద్రుడి మీద, అంగారకుడి మీద ఇళ్లు కట్టడానికి పిండిపదార్థం, జిగురు, కలప, మొక్కల నుంచి తీసిన ప్లాస్టిక్ వంటివి వాడే విధానం. ఇంతవరకు అక్కడ ఇలాంటి కట్టడం లేవలేదు. సిమెంటు, ఇనుము భూమి నుంచి మోసుకెళ్లడం మోయలేని ఖర్చు. మట్టి అక్కడే దొరుకుతుంది కాబట్టి, దాన్ని పట్టి ఉంచే పదార్థాన్ని పంటల నుంచి రాబట్టడమే ఈ పరిశోధనల సారం.

20వ శతాబ్ది ఆరంభంలో రష్యన్ శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ అంతరిక్షంలో మొక్కల పెంపకం గురించి రాశాడు. అది గాలి కోసం, తిండి కోసం. ఆ తర్వాత చాలా దశాబ్దాలు మొక్కలను ఆ దృష్టితోనే చూశారు, కట్టడాలకు పనికొచ్చే సరుకుగా కాదు.

నాసా 2015లో మొదలుపెట్టిన త్రీడీ ప్రింటింగ్ ఇళ్ల పోటీ 2019లో ఇల్లినాయ్‌లో ముగిసింది. న్యూయార్క్‌కు చెందిన ఏఐ స్పేస్‌ఫ్యాక్టరీ 5 లక్షల డాలర్ల ప్రథమ బహుమతి గెలుచుకుంది. ఆ సంస్థ నల్లరాతి (బసాల్ట్) నారను మొక్కల పిండిపదార్థం నుంచి తయారయ్యే పాలీలాక్టిక్ ఆమ్లపు ప్లాస్టిక్‌తో కలిపి, సుమారు 4.5 మీటర్ల ఎత్తున్న నమూనాను 30 గంటల్లో నిలబెట్టింది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఇస్రో కలిసి చేసిన కృషి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 2020లో అలోక్ కుమార్ బృందం చంద్రుడి మట్టిని పోలిన మట్టిలో స్పోరోసార్సినా పాశ్చురీ అనే బ్యాక్టీరియాను, యూరియాను, గోరుచిక్కుడు గింజల జిగురును కలిపి ఇటుకలు చేసింది. బ్యాక్టీరియా యూరియాను విడగొట్టినప్పుడు ఏర్పడే కార్బొనేట్ స్ఫటికాలు మట్టి రేణువులను అతికిస్తాయి. ఆ స్ఫటికాలు పేరుకోవడానికి జిగురు ఆసరాగా నిలిచి, ఇటుకకు బలం పెంచుతుంది. అంగారకుడి మట్టిని పోలిన మట్టిలో ఇనుము ఎక్కువ కావడంతో అందులో బ్యాక్టీరియా మొదట పెరగలేదు. నికెల్ క్లోరైడ్ కలిపాక చిక్కు వీడింది. ఆ ఫలితాలు 2022లో వెలువడ్డాయి.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెడ్ రాబర్ట్స్ బృందం 2021లో మానవ రక్తంలోని ప్రొటీన్‌ను బంధకంగా వాడింది. 2023లో దాని బదులు బంగాళాదుంప పిండిపదార్థాన్ని తీసుకుంది. దానికి అంగారక ధూళిని పోలిన పొడిని, కొద్దిగా మెగ్నీషియం క్లోరైడ్ లవణాన్ని కలిపి చేసిన ‘స్టార్‌క్రీట్’ 72 మెగాపాస్కళ్ల ఒత్తిడిని తట్టుకుంది. మామూలు కాంక్రీటు తట్టుకునేది 32. చంద్రధూళి నమూనాతో చేస్తే ఈ బలం 91 దాటింది. 25 కిలోల ఎండు బంగాళాదుంపలతో అర టన్ను స్టార్‌క్రీట్, అంటే సుమారు 213 ఇటుకలు వస్తాయని లెక్కగట్టారు.

కలపను క్యోటో విశ్వవిద్యాలయం, సుమిటోమో ఫారెస్ట్రీ సంస్థ పరీక్షించాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల దాదాపు పది నెలలు ఉంచిన చెక్కముక్కలు చెడిపోలేదు. వాటిలోంచి, మన సంపెంగకు దగ్గరి చుట్టమైన మాగ్నోలియాను ఎంచుకున్నారు. జిగురు, మేకులు లేకుండా జపాన్ వడ్రంగి పద్ధతిలో అతుకులు వేసి 10 సెంటీమీటర్ల ‘లిగ్నోశాట్’ ఉపగ్రహాన్ని చేశారు. 2024 డిసెంబరులో అది కక్ష్యలోకి చేరింది కానీ భూమితో సంబంధం కుదరలేదు. చెట్లు పెంచి చంద్రుడి మీద, అంగారకుడి మీద చెక్క ఇళ్లు కట్టాలన్నది ఈ ప్రాజెక్టులోని వ్యోమగామి తకావో దోయ్ ఆశయం.

2025లో హార్వర్డ్‌కు చెందిన రాబిన్ వర్డ్స్‌వర్త్ బృందం పాలీలాక్టిక్ ఆమ్లపు గదిలో, అంగారకుడి మీద ఉన్నంత పలుచని బొగ్గుపులుసు వాయువు మధ్య, ఆకుపచ్చ నాచును పెంచగలిగింది. ఆ ప్లాస్టిక్ అతినీలలోహిత కిరణాలను ఆపి, కిరణజన్య సంయోగక్రియకు చాలినంత వెలుతురును లోపలికి వదిలింది. ఆ నాచు నుంచే ప్లాస్టిక్ తీసి మరో గది కట్టడం ఇంకా జరగవలసి ఉంది.