నల్లకుంట నుంచి రాయచూరు దాకా



రాయచూరు పేరు చెప్పగానే మన సరిహద్దు జిల్లాల తెలుగువారికి కృష్ణా, తుంగభద్రల నడిమి భూములు గుర్తుకొస్తాయి. 1956 దాకా ఆ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో కన్నడ సీమకు వెళ్ళింది. అయినా అక్కడ తెలుగు మాట్లాడేవారు అలాగే ఉన్నారు, రాకపోకలూ సాగుతూనే ఉన్నాయి. హైదరాబాదు నగరాన్ని అట్టుడికించిన ఒక కేసులో చివరి తీర్పు వెలువడింది ఆ రాయచూరు కోర్టులోనే అన్న సంగతి మాత్రం మీలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. అదే రమీజాబీ కేసు. వీధుల్లో వేలమంది చేసిన ఆందోళన ప్రభుత్వాన్ని దిగివచ్చేలా చేసింది. ఆ ఆందోళనకు ఫలంగా వచ్చిన కేసు మూడేళ్ళ తరువాత న్యాయస్థానంలో వీగిపోయింది. ఎందుకలా జరిగింది? ఆ తరువాత ఏం జరిగింది? ఈనాటి ప్రసంగంలో ఈ రెండు ప్రశ్నల గురించి ఆలోచిద్దాం.

1978 మార్చి నెలాఖరు. రిక్షా తొక్కి బతికే అహ్మద్ హుస్సేన్, అతని భార్య రమీజాబీ రెండో ఆట సినిమా చూసి తిరిగి వస్తున్నారు. అర్ధరాత్రి వేళ పోలీసులు వారిని ఆపారు. భర్తను డబ్బు తెమ్మని పంపారు. ఆమెను నల్లకుంట పోలీసు స్టేషనులో ఉంచి అత్యాచారం చేశారు. తిరిగి వచ్చిన భర్త ఇదేమిటని నిలదీస్తే అతన్ని కొట్టారు. ఆ దెబ్బలకు అతను ప్రాణాలు విడిచాడు. ఆ తరువాత ఏర్పడిన విచారణ సంఘం నమ్మిన కథనం ఇది.

ఈ వార్త తెల్లవారేసరికి బస్తీలన్నీ చుట్టింది. జనం ఏం చేశారో జాగ్రత్తగా గమనించండి. శవాన్ని మోసుకొని నేరుగా నల్లకుంట స్టేషనుకే వెళ్ళారు. అక్కడి వసారాలో దించారు. సామాన్యుడికి అన్యాయం జరిగితే ఫిర్యాదు ఇవ్వవలసింది పోలీసు స్టేషనులోనే కదా! మరి అన్యాయం చేసింది ఆ స్టేషనే అయితే ఫిర్యాదు ఎవరికివ్వాలి? కాగితం రాసిచ్చే దారి కనబడనప్పుడు ఆ జనం శవాన్నే ఫిర్యాదుగా తెచ్చి పెట్టారు. ఆపైన కోపం కట్టలు తెంచుకుంది. రోడ్లకు అడ్డంకులు వేశారు, టెలిఫోను తీగలు తెంచారు, స్టేషను మీద రాళ్ళు రువ్వారు, ఆవరణలోని సైకిళ్ళకు నిప్పు పెట్టారు. అల్లరి నగరమంతా పాకింది. లాఠీలు లేచాయి, తుపాకులు పేలాయి, కర్ఫ్యూ పెట్టారు. ఒక మనిషి చావుకు న్యాయం అడగబోయి మరికొందరు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇళ్ళలో మిగిలిన దుఃఖాన్ని మనం మరువకూడదు.

అప్పటికి మర్రి చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి పదవి చేపట్టి నెల రోజులైనా కాలేదు. ఆందోళన తీవ్రత చూసి ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్ గారితో విచారణ సంఘాన్ని నియమించింది. సంఘం ముందు పోలీసుల తరఫున వినిపించిన వాదన ఏమిటి? ఆ రాత్రి స్టేషనులో ఏం జరిగిందన్నది పక్కకు నెట్టి, ఆ స్త్రీ ఎటువంటిదన్న విషయాన్ని ముందుకు తెచ్చారు. ఆమె శీలం మంచిది కాదన్నారు. ఆమె పెళ్ళి పెళ్ళే కాదన్నారు. అందుకు సాక్షులను తెచ్చి నిలబెట్టారు. భర్తను పోగొట్టుకున్న మనిషి తాను భార్యనేనని రుజువు చేసుకోవలసి వచ్చింది. అయినా జస్టిస్ ముక్తదర్ గారు పోలీసుల మీద వచ్చిన ఆరోపణలు నిజమేనని తేల్చి, వారిని నేరవిచారణకు నిలపాలని సిఫారసు చేశారు.

ఇంతవరకు చూస్తే జనం గెలిచారనే అనిపిస్తుంది. కాని ఇక్కడ ఒక మెలిక ఉంది. విచారణ సంఘం కోర్టు కాదు. 1952 నాటి విచారణ సంఘాల చట్టం ప్రకారం సంఘం నిజానిజాలు కనుక్కొని ప్రభుత్వానికి నివేదిక ఇస్తుంది. శిక్ష వేసే అధికారం దానికి లేదు. సంఘం తేల్చిన మాటకు నేరవిచారణ జరిపే కోర్టు కట్టుబడి ఉండనక్కరలేదు. సంఘం ముందు ఒకరు చెప్పిన వాంగ్మూలాన్ని ఆ తరువాత కోర్టులో వారి మీదనే ప్రయోగించడానికీ వీల్లేదు. కోర్టుకు వెళ్ళాక సాక్ష్యమంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పించాలి. నేరం సందేహానికి తావులేకుండా రుజువు కావాలి.

పైగా హైదరాబాదు వాతావరణం వేడెక్కి ఉన్నదనీ, అక్కడ తమకు న్యాయమైన విచారణ జరగదనీ నిందితులు వాదించి కేసును పొరుగు రాష్ట్రానికి మార్పించుకున్నారు. అలా ఆ కేసు రాయచూరు సెషన్స్ కోర్టుకు చేరింది. ఏ నిందితుడికైనా నిష్పాక్షికమైన విచారణ కోరే హక్కు ఉంది, కాదనలేం. అయితే ఆ మార్పు భారం ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి కదా! హైదరాబాదుకు రాయచూరు సుమారు రెండు వందల కిలోమీటర్లు. నాలుగు రోజులు కూలి మానితే పొయ్యి వెలగని బస్తీవాసులు సాక్ష్యం కోసం అంత దూరం రావాలి. ఊరు కొత్త, కోర్టు కొత్త. పరరాష్ట్రంలో కచేరీల చుట్టూ తిరగడం ఎంత కష్టమో సరిహద్దున ఉన్న మీకు నేను వేరే చెప్పాలా?

1981 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. అత్యాచారం, హత్య ఆరోపణల నుంచి నిందితులు బయటపడ్డారు. ఇందులో రాయచూరు ఊరి తప్పేమీ లేదు. తన ముందుకు వచ్చిన సాక్ష్యాన్ని బట్టే కోర్టు తీర్పు చెబుతుంది. ప్రభుత్వం మీద ఒత్తిడి తేవడం జనసమూహానికి సాధ్యమే. కాని రాసి, సంతకం చేసి, భద్రపరచి, ఏళ్ళు గడిచినా నిలిచే సాక్ష్యాన్ని సమకూర్చడం సమూహం వల్ల అయ్యే పని కాదు. ఆ పని చేయవలసినది దర్యాప్తు యంత్రాంగం. ఈ కేసులో నిందితులు ఆ శాఖవారే.

మరి అంత అల్లరీ, అన్ని చావులూ వృథాయేనా? కాదు. అదే సమయంలో మహారాష్ట్రలో నడిచిన మరో కేసును చూడండి. సిరోంచా తెలుగువారికి తెలిసిన నేటి గడ్చిరోలి జిల్లాలోనే, అప్పటి చంద్రపూర్ జిల్లాలో, దేశాయిగంజ్ పోలీసు ఠాణా ఉంది. 1972లో మథుర అనే గిరిజన బాలికపై ఆ ఠాణాలో అత్యాచారం జరిగింది. అక్కడ నగరం లేదు, వేలాది జనం లేదు, కర్ఫ్యూ లేదు. సెషన్స్ కోర్టు నిందితులైన పోలీసులను వదిలేసింది. బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి శిక్షించింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ వదిలేసింది. ఆమె ఒంటిమీద గాయాలు లేవు కనుక ప్రతిఘటించలేదనీ, ప్రతిఘటించలేదు కనుక ఒప్పుకున్నట్టేననీ ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ నగరం నుంచి నగరానికి చేరింది. 1980 మార్చి 8న అనేక నగరాల్లో మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. హైదరాబాదు మహిళలకు ఆ లేఖలోని సంగతి పరాయిదిగా తోచలేదు. వారి కళ్ళముందే నల్లకుంట ఉంది.

ఈ కదలిక ఫలితంగా 1983లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించి కనీసం పదేళ్ళ శిక్ష నిర్ణయించింది. అటువంటి కేసులో లైంగిక చర్య జరిగినట్లు రుజువై, తాను ఒప్పుకోలేదని బాధితురాలు కోర్టులో చెబితే, ఆమె ఒప్పుకోలేదనే కోర్టు భావించాలన్నది. బాధితురాలి పేరు ప్రచురించడాన్ని నేరం చేసింది. రమీజాబీ, మథుర అన్న పేర్లు చరిత్రకెక్కింది ఆ రక్షణ లేని రోజుల్లోనే. బాధితురాలి శీలాన్ని బోనెక్కించే వీలు కల్పించిన సాక్ష్య చట్టంలోని నిబంధనను 2002లో తొలగించారు. నల్లకుంట జనం కోరినది నిందితులకు శిక్ష. అది దొరకలేదు. వారి ఆందోళన మేల్కొల్పిన ఆలోచన మాత్రం దేశమంతటికీ వర్తించే చట్టంలోకి చేరింది.

ఇంకో మార్గం ఒరిస్సాలో ఒక తల్లి చూపింది. 1987 డిసెంబరులో సుందర్‌గఢ్ జిల్లాలో పోలీసులు తీసుకువెళ్ళిన ఆమె కొడుకు మరునాడు రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. తప్పించుకొని పారిపోయాడని పోలీసులన్నారు. ఆ తల్లి, నీలబతి బెహరా, సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే కోర్టు రిట్ పిటిషనుగా స్వీకరించింది. 1993లో తీర్పు చెబుతూ, కస్టడీలో ఉన్న మనిషి ప్రాణానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలనీ, ఆమెకు లక్షా యాభై వేల రూపాయల పరిహారం చెల్లించాలనీ ఆదేశించింది. మరో ఉత్తరంతో మొదలైన డి.కె. బసు కేసులో 1996 డిసెంబరులో అరెస్టుకు సంబంధించి 11 నియమాలు వచ్చాయి.

ఆ నియమాల్లో కొన్ని మీరు గుర్తుంచుకోదగినవి. అరెస్టు చేసే పోలీసు ఒంటిమీద అతని పేరు కనబడాలి. అరెస్టు పత్రం రాసి, దాని మీద ఇంటివారిలో ఒకరి చేతనో, ఊళ్ళో పెద్దమనిషి ఒకరి చేతనో సాక్షి సంతకం చేయించాలి. బంధువులకు కబురు చేయాలి. ఒంటిమీది గాయాలుంటే రాసుకోవాలి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలని రాజ్యాంగమే చెబుతున్నది. ప్రత్యేక పరిస్థితుల్లో, మేజిస్ట్రేటు అనుమతి తీసుకొని, మహిళా అధికారి చేస్తే తప్ప, సూర్యాస్తమయం తరువాత స్త్రీని అరెస్టు చేయరాదు. కస్టడీలో మరణం సంభవిస్తే మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. 2024 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లోనూ ఈ రక్షణలు ఉన్నాయి.

చట్టం ఉన్నంత మాత్రాన లాకప్పు మరణాలు ఆగిపోలేదు. 2020 జూన్‌లో తమిళనాడు తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో లాక్‌డౌన్ వేళ దాటి దుకాణం తెరిచారంటూ తీసుకువెళ్ళిన తండ్రీకొడుకులు ఒకరి వెంట ఒకరు చనిపోయారు. వర్తకులు అంగళ్ళు మూసి నిరసన తెలిపారు. 1978కీ దీనికీ ఒక తేడా ఉంది. మద్రాసు హైకోర్టు మదురై బెంచి తానే కేసు చేపట్టి, జ్యుడీషియల్ మేజిస్ట్రేటును నేరుగా స్టేషనుకు పంపించింది. అదే స్టేషనులోని ఒక మహిళా హెడ్ కానిస్టేబులు భయపడుతూనే తాను చూసింది చూసినట్టు చెప్పింది. సాక్ష్యం చెరిగిపోకముందే కాగితానికెక్కింది. నల్లకుంట కేసులో లోపించింది సరిగ్గా ఇదే.

అందుచేత శ్రోతలారా, ఎక్కడైనా ఇటువంటి దారుణం జరిగినప్పుడు కోపం రావడం సహజం. రాకపోతేనే ఆ సమాజం గురించి దిగులు పడాలి. పదిమందీ కలిసి నిలబడితేనే బాధితులకు ధైర్యం. కాని గుంపు చేతిలోని రాయి మరో కాల్పులకు సాకు అవుతుంది, ఆ పొగలో అసలు నేరం కనబడకుండా పోతుంది. ఆ పదిమందిలో ఒకరైనా తేదీ, వేళ, చూసినవారి పేర్లు రాసిపెట్టాలి. గాయాలకు వైద్యుడి పత్రం తీసుకోవాలి. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. స్త్రీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవల సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

సరిహద్దు తెలుగువారికి ఇంకొక మాట. మీ ఊరి స్టేషనులో వ్యవహారం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో నడవవచ్చు. మీకు చదవరాని కాగితం మీద సంతకం పెట్టమంటే, చదివి తెలుగులో చెప్పమని అడగండి. జాతీయ మానవ హక్కుల సంఘానికి మీరు తెలుగులోనే అర్జీ రాసుకోవచ్చు, రుసుము లేదు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషల్లో ఏ భాషలో రాసినా వారు స్వీకరిస్తారు.

నల్లకుంట నుంచి రాయచూరు వెళ్ళిన కేసుకు బలం చాలలేదు. ఆనాటి జనంలో ధైర్యం తక్కువై కాదు, ఆ ధైర్యానికి తోడు నిలిచే కాగితం లేక. ఆ లోటు మన ఊళ్ళో రాకుండా చూసుకోవడమే కాల్పుల్లో పోయినవారికీ, న్యాయం దొరకని ఆ ఇల్లాలికీ మనం చేయగల మర్యాద.