వేగాన్ని వదులుకునే విద్య

ఆబిడ్స్ నుంచి స్టేషన్ రోడ్డు వెంట నడిస్తే నాంపల్లి స్టేషను వస్తుంది. 1907లో కట్టిన ఆ స్టేషనులో పట్టాలు ముందుకు సాగవు. ప్లాట్‌ఫారం కొసన ఆగిపోతాయి. అక్కడికి రైలు తెచ్చే డ్రైవరు తన వేగాన్ని ముందునుంచే కొద్దికొద్దిగా వదులుకుంటూ రావాలి. 2024 జనవరి 10న చెన్నై నుంచి వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఆగవలసిన చోట ఆగక పట్టాల కొసను ఢీకొన్నది. పెట్టెలు పట్టాలు తప్పాయి, కొందరు గాయపడ్డారు.

విమానాలు దిగే తీరును గురించి వ్రాయబూని రైలుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. హైదరాబాదులో ఈ రెండింటికీ పుట్టిల్లు ఒకటే. నాంపల్లికి రైళ్ళు నడిపిన నిజాం స్టేట్ రైల్వేయే టాటాలతో కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించింది. బేగంపేట నుంచి డకోటా విమానాలు ఎగిరాయి. మన దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ ప్రేమ్ మాథుర్‌కు కొలువిచ్చింది ఈ సంస్థే. 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తరువాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి కేంద్ర శిక్షణాలయమూ ఈ నగరంలోనే వెలిసింది.

విమానపు రెక్క వేగంగా పోవడానికి మలచినది. నెమ్మదిస్తే బరువు మోయలేదు. అందుకే దిగేముందు రెక్క వెనుక అంచున ఉండే ఫ్లాపులను దించుతారు. తక్కువ వేగంలోనూ రెక్క బరువు మోస్తుంది, కానీ గాలి ప్రతిఘటన పెరుగుతుంది. ఎయిర్‌బస్ ఏ320లో వీటికి 1, 2, 3, ఫుల్ అని నాలుగు మెట్లు. వాటిని దించి ఎగరగల గరిష్ఠ వేగాలు వరుసగా 230, 200, 185, 177 నాట్లు. (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు.) ఆ హద్దు దాటితే ఫ్లాపులు దెబ్బతినవచ్చు. కనిష్ఠ హద్దుకు దిగువకు పోతే రెక్క పట్టు తప్పుతుంది.

ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, వేగమాపకంలో అదే అంకె ఉన్నా అసలు వేగం ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 2 శాతం పెరుగుతుంది. సముద్రపుటొడ్డున 135 నాట్లతో దిగే విమానం, 1,742 అడుగుల ఎత్తున్న బేగంపేటలో అదే అంకె చూపుతూ దాదాపు 140తో నేలను తాకేది.

ఇక పొదుపు సంగతి. ఫ్లాపులు ముందుగా దించితే, ఆ ప్రతిఘటనను నెట్టడానికి ఇంజన్లు ఎక్కువ ఇంధనం తాగుతాయి. రన్‌వే పొడవుగా ఉంటే, ఫుల్‌కు బదులు 3తోనే దిగి కొంత మిగుల్చుకోవచ్చు. షంషాబాదు రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఆలస్యంగా దించడం పొదుపే. అయితే ఎంత ఆలస్యం తగును? ఈ ప్రశ్నకు సమాధానం మన ఇరుగుపొరుగు నేలమీద రెండుసార్లు రక్తంతో వ్రాయబడింది.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 బెంగళూరులో దిగుతున్నది. ఇంజన్లు కనిష్ఠ శక్తిలోనే ఉండిపోయి, వేగం ఉండవలసిన దానికన్నా 20 నాట్లకు పైగా పడిపోయింది. పాత విమానాలలో యంత్రమే శక్తిని తగ్గించినా చేతి కింద లివరు కదిలి పైలటుకు కబురు చెప్పేది. ఏ320లో ఆ లివర్లు కదలవు. కంటితో అంకె చూడవలసిందే. చూసేసరికి ఎత్తు మిగలలేదు. జెట్ ఇంజను పూర్తి శక్తి అందుకోవడానికి పట్టే ఆ కొన్ని సెకన్లు వారికి దక్కలేదు. రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. 146 మందిలో 92 మంది మరణించారు.

రెండవది దీనికి తలకిందులు. 2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన బోయింగ్ 737 ఉండవలసిన దానికన్నా బాగా ఎత్తున ఉండి, దూకుడుగా దిగింది. 2,450 మీటర్ల రన్‌వేలో దాదాపు 1,600 మీటర్లు దాటాక గాని చక్రాలు ఆనలేదు. మళ్ళీ పైకి లేవమని సహపైలట్ మూడుసార్లు చెప్పినట్లు విచారణలో తేలింది. 158 మంది పోయారు.

ఈ రెంటి నడుమ కాలంలోనే, 1990ల చివర, ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ ప్రపంచ ప్రమాదాలను పరిశీలించి ఒక గీత సూచించింది. మబ్బుల్లో దిగితే 1,000 అడుగులు, తేట ఆకాశంలో 500 అడుగులు. ఆ ఎత్తుకు వచ్చేసరికి వేగం, ఫ్లాపులు, ఇంజను శక్తి, దిగే వాలు అన్నీ కుదురుకోవాలి. కుదరకపోతే వాదన లేకుండా పైకి లేవాలి. పొదుపంతా ఆ గీతకు పైనే చేసుకోవాలి. గీత ఉన్నంత మాత్రాన చాలదని మంగళూరు చెప్పింది.

నాంపల్లికి వచ్చే రైలుకు మరో అవకాశం లేదు, విమానానికి ఉంది. దాని ఖరీదు కొంత ఇంధనం, మరికొన్ని నిమిషాలు. నేల అందబోతుండగా విమానం హఠాత్తుగా పైకి లేచినప్పుడు మనం గడియారం చూసుకుని విసుక్కుంటాము. ముందు గదిలో ఇద్దరు మనుషులు అంకెలు చూసి, నామోషీ పడకుండా, సకాలంలో నిర్ణయం తీసుకున్నారని అర్థం. అటువంటప్పుడు దిగిపోతూ వారికొక నమస్కారం పెట్టడం న్యాయమని నా అభిప్రాయం.