సిడ్నీకి ఓటు, పోర్ట్ బ్లెయిర్‌కు పాలకుడు

అమెరికా చేజారకపోయి ఉంటే సిడ్నీ నగరం పుట్టేది కాదేమో. అంతవరకు బ్రిటన్ తన ఖైదీలను అట్లాంటిక్ ఆవలి వలసలకు పంపుతూ వచ్చింది. 1781లో యార్క్‌టౌన్ వద్ద జనరల్ కారన్‌వాలీస్ లొంగిపోవడంతో ఆ దారి శాశ్వతంగా మూసుకుపోయింది. జైళ్లు కిక్కిరిశాయి. మరో దూరతీరం అవసరమైంది. 1788 జనవరి 26న కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్ ఏడువందలకు పైగా ఖైదీలున్న పదకొండు ఓడల దండుతో సిడ్నీ కోవ్‌లో జెండా పాతాడు. ఆ మరుసటి ఏడాదే, యుద్ధంలో ఓడి వచ్చి కలకత్తాలో గవర్నర్ జనరల్ అయిన అదే కారన్‌వాలీస్ హయాంలో, ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమాన్‌లోని చాథమ్ దీవిపై ఒక స్థావరం వేశాడు. పోర్ట్ బ్లెయిర్ అన్న పేరు అతనిదే. రెండు నగరాల జాతకాల్లోనూ ఒకే సేనాని నీడ పడింది.

బ్లెయిర్ స్థావరం నిలవలేదు. రోగాలకు తాళలేక 1796లో దానిని వదిలేశారు. సిడ్నీ నిలిచింది. అయితే ఎవరి నేలపై? ఆ తీరం ఇయోరా ప్రజలది. 1789లో మశూచి వారిని ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. వారిలో బెన్నెలాంగ్ అనే వ్యక్తిని ఫిలిప్ బలవంతంగా పట్టి తెప్పించి, తరువాత స్నేహితుణ్ణి చేసుకుని, చివరకు ఇంగ్లండుకు వెంట తీసుకువెళ్లాడు. 1973లో ప్రారంభమైన ఒపేరా హౌస్ తెల్లని తెరచాపలు విప్పుకుని నిలిచిన భూశిరానికి నేటికీ అతని పేరే. పర్యాటకులు ఆ కట్టడాన్ని, ఎదుట ఉన్న 1932 నాటి వంతెనను ఫొటో తీసుకుంటారు. పేరు వెనుక మనిషిని తలచుకునేవారు తక్కువ.

సిడ్నీ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకర్షించే కట్టడం ఒపేరా హౌస్ కాదు, హైడ్ పార్క్ బారక్స్. ఖైదీలను రాత్రిపూట ఉంచడానికి 1819లో పూర్తయిన ఇటుకల భవనం అది. దాన్ని రూపొందించిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే స్వయంగా ఖైదీ. ఒప్పంద పత్రాన్ని ఫోర్జరీ చేసిన నేరానికి శిక్షపడి వచ్చినవాడు. గవర్నర్ లాక్లన్ మక్వారీ శిక్ష ముగిసిన ఖైదీలకు కొలువులిచ్చాడు, భూములిచ్చాడు, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. స్వేచ్ఛగా వలస వచ్చిన దొరలకు అది మింగుడుపడలేదు. 1966లో ఆస్ట్రేలియా తొలి పది డాలర్ల నోటుపై గ్రీన్‌వే బొమ్మ వేశారు. ఫోర్జరీ చేసినవాడి ముఖం కరెన్సీ నోటుమీద! చరిత్రకు హాస్యప్రియత్వం ఉందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. 2010లో ఆ బారక్స్‌తో పాటు మొత్తం పదకొండు ఖైదీ స్థలాలు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. వాటిలో ఒకటైన పాత గవర్నమెంట్ హౌస్ పరమట్టాలో ఉంది. పక్కనే ఉన్న హారిస్ పార్క్ ఇప్పుడు భారతీయుల పేట.

ఇక అండమాన్‌కు వద్దాం. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్‌వారికి బ్లెయిర్ విడిచిపెట్టిన రేవు మళ్లీ గుర్తుకొచ్చింది. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండువందలమంది ఖైదీలతో అక్కడ దిగాడు. తొలి నెలల్లో పారిపోయి దొరికిన ఎనభైమందికి పైగా ఖైదీలను ఉరితీయించాడు. హైదరాబాద్ రెసిడెన్సీపై 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఈ దీవులకే పంపారు. ఆయన తిరిగి హైదరాబాద్ చూడలేదు. దీవుల మూలవాసులకు సిడ్నీలో ఇయోరాలకు జరిగిందే ఇక్కడా జరిగింది. 1859 మే నెలలో అబర్డీన్ వద్ద విల్లమ్ములతో తుపాకులను ఎదిరించి ఓడిన గ్రేట్ అండమానీయులు 2011 జనగణన నాటికి 44 మంది మిగిలారు.

పోర్ట్ బ్లెయిర్ అనగానే మనకు సెల్యులర్ జైలు గుర్తుకొస్తుంది. 1906లో పూర్తయిన ఆ జైలు ఏడు విభాగాల్లో నేడు మూడే నిలిచి ఉన్నాయి. 1979లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అక్కడ రాజకీయ ఖైదీలకు దక్కిన గౌరవం న్యాయమైనదే. అయితే జైలు కట్టకముందు నలభై ఏళ్లపాటు అడవి నరికి, బాటలు వేసి, చాథమ్‌లో 1883 నుండి నడుస్తున్న రంపపు మిల్లుకు దుంగలు మోసి ఊరిని నిలబెట్టినది సాధారణ ఖైదీలు. సత్ప్రవర్తన చూపినవారికి కొంత భూమి, పెళ్లి చేసుకునే అనుమతి లభించేవి. వారి సంతతినే దీవుల్లో ‘లోకల్ బార్న్’ అంటారు. గ్రీన్‌వేకు నోటుపై చోటు దొరికింది. వీరి తాతలకు శిలాఫలకమైనా అరుదే.

రెండు ఊళ్ల మధ్య అసలు తేడాను ఒకే సంవత్సరం చెబుతుంది: 1858. వాకర్ తన ఖైదీలతో అండమాన్‌లో దిగిన ఆ ఏడే, సిడ్నీలోని చట్టసభ దాదాపు వయోజన పురుషులందరికీ ఓటుహక్కు ఇస్తూ చట్టం చేసింది. తొలి ఓడ వచ్చి డెబ్బై ఏళ్లే అయింది. ఖైదీల కొడుకులు ఓటర్లయ్యారు, శాసనసభ్యులయ్యారు. స్త్రీలకు, ముఖ్యంగా నేల సొంతదారులైన ఆదివాసులకు ఆ భాగ్యం చాలా ఆలస్యంగా దక్కింది. జాతీయ ఎన్నికల్లో ఆదివాసులందరికీ ఓటు వచ్చింది 1962లో. ఆ మచ్చను దాచనక్కరలేదు. కానీ ప్రజాపాలన అనే దారి మాత్రం అక్కడ తెరుచుకుంది.

అండమాన్ మాటేమిటి? అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు ద్వీపాంతరవాస శిక్ష వేసి ఇక్కడికే పంపారు. ఆ మన్యం వీరుడు 1952లో విశాఖపట్నం నుండి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అదే సభలో అండమాన్ నికోబార్‌కు ఒక సభ్యుడున్నాడు: బిషప్ జాన్ రిచర్డ్‌సన్. ఆయనను ఎన్నుకున్నది ప్రజలు కాదు, నియమించినది రాష్ట్రపతి. దీవుల నుండి తిరిగి వచ్చిన ఖైదీని అతని జనం ఎన్నుకోగలిగారు, దీవుల్లో ఉండిపోయినవారు తమ ప్రతినిధిని ఎన్నుకోలేకపోయారు. వారికి ఆ అవకాశం 1967లో గాని రాలేదు.

నగరం దక్షిణాన డాలీగంజ్ ఉంది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కేంద్రం ఉన్న పేట అది. 2011 లెక్కల ప్రకారం దీవుల్లో నూటికి పదమూడుమంది మాతృభాష తెలుగు. స్వాతంత్ర్యం తరువాత శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి ఓడెక్కి వచ్చిన కుటుంబాలవారే వీరిలో అధికులు. శిక్షకు కాదు, బతుకుదెరువుకు వచ్చారు. అయినా పాత ఖైదీల ఊరి పాలనావ్యవస్థే వారికీ వారసత్వంగా దక్కింది. డాలీగంజ్ ఓటరు పురపాలక సభ్యుణ్ణి ఎన్నుకుంటాడు, ఒక ఎంపీని ఎన్నుకుంటాడు. నడుమ శాసనసభ లేదు. పుదుచ్చేరికి ఉంది, ఢిల్లీకి ఉంది. ఇక్కడ లెఫ్టినెంట్ గవర్నర్, ఆయన కింద అధికారులు. జనాభా తక్కువన్నది ఒక సాకు, భద్రత మరొకటి. గ్రేట్ నికోబార్‌లో సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని ఓడరేవుకు, విమానాశ్రయానికి, కొత్త పట్టణానికి మళ్లించే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి వచ్చినప్పుడు, దానిపై చర్చించే శాసనసభ దీవుల్లో లేదు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. ఆ ప్రకటన కూడా ఢిల్లీ నుండే వెలువడింది.